శనివారం సాయంత్రం అయిదు లోపు

"ఇంకోసారి చదువు," అంది రాజేశ్వరమ్మ.

సుచిత్ర ఫోన్ తెర మీద వేలు పెట్టి మళ్ళీ మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది. కావేరి యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు వచ్చే సీజనుకు అట్టిపెట్టుకున్న ఆటగాళ్ళు మొత్తం ఇరవై ఆరుగురు. నిన్న శనివారం సాయంత్రం బెంగళూరులో ప్రకటించారు. అప్పటి నుంచి అత్తగారు ఆ జాబితాను నాలుగుసార్లు చదివించింది. బియ్యంలో రాళ్ళేరేటప్పుడు కూడా ఆవిడ ఇంత శ్రద్ధ చూపించదు. చదివిన ప్రతిసారీ ఇరవై ఆరు పేర్లే వచ్చాయి. వాటిలో ఆమె కొడుకు పేరు మాత్రం రాలేదు.

"హిందూపురం నితిన్ అని ఏమన్నా వేసినారేమో చూడు."

"లేదత్తా."

"ఆ గోలు కాడ నిలబడేవాళ్ళను ముగ్గుర్ని పెట్టుకున్నారు గదా. ముగ్గురేం చేస్తారు ఆడ? నిలబడేదానికి ఒకడు చాలడా?"

ఎవరూ నవ్వలేదు. సుచిత్ర భర్త నితిన్ బొరుగుల ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకుని పచ్చిమిరపకాయ ముక్కల్ని ఒక్కొక్కటిగా అంచుకు నెడుతున్నాడు. నాలుగేళ్ళుగా ఆ జట్టులో కుడి పక్క కాపుకాసే రైట్ బ్యాక్‌గా ఆడినవాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. కిటికీ దగ్గర అతని తండ్రి కేశవమూర్తి పేపరు చదువుతున్నాడు. పావుగంట నుంచి అదే పేజీ.

"పేరు లేకుంటే లేకపాయె. పిలిచి చెప్పే మర్యాద గూడా లేదా?" అంది రాజేశ్వరమ్మ. "నాలుగేండ్లు ఎండనకా వాననకా పరిగెత్తించుకున్నారే!"

"వదిలెయ్యమ్మా. మోకాలు చూసి భయపడినారు. డిసెంబర్లో ఆరు మ్యాచులు ఆడలేదు గదా. వాళ్ళ దుడ్లు, వాళ్ళ ఇష్టం."

"ఇప్పుడు బాగుండాది గదరా!"

"ఆ సంగతి మీద వాళ్ళకు నమ్మకం కుదరలేదు."

సుచిత్ర తల వంచుకుంది. వాళ్ళకు నమ్మకం కుదిరిందని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు పేపరు వెనక ఉన్నారు. రెండోది తనే.

గురువారం మధ్యాహ్నం క్లబ్బు నుంచి మెయిల్ వచ్చింది. రెండేళ్ళ కొత్త కాంట్రాక్టు. మోకాలు పూర్తిగా నయమైందని తమ డాక్టరు రాసిచ్చాడని, జీతం ఇంత పెంచుతామని, శనివారం సాయంత్రం అయిదు లోపు జవాబు రాకపోతే మీకు ఇష్టం లేదనుకుంటామని అందులో ఉంది. అది నితిన్‌కు రాలేదు, కేశవమూర్తి చింతపండు మండీ మెయిల్‌కు వచ్చింది.

అలా రావడానికి కారణం నితినే. క్లబ్బుతో మొదటి కాంట్రాక్టు మీద అతను పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టి వచ్చాడు. తనకంటే తర్వాత వచ్చినవాళ్ళు తనకంటే ఎక్కువ తీసుకుంటున్నారని రెండో ఏడు తెలిసింది. "చింతపండు బస్తా గూడా అట్ల అమ్మరు గదప్పా," అని తండ్రి ఎగతాళి చేశాడు. ఆ మాట అతనికి బాగా పట్టింది. ఈసారి క్లబ్బు ఫారంలో, ఎవరితో మాట్లాడాలి అన్నచోట తండ్రి పేరు, మండీ మెయిలు రాసి, "నాయనా, నువ్వే మాట్లాడు. నాకు బేరం రాదు," అని నిశ్చింతగా ఉన్నాడు.

కేశవమూర్తికి బేరం వచ్చు. హిందూపురం మార్కెట్‌లో ముప్పై ఏళ్ళుగా ఆయన చేసే పద్ధతి ఒకటే. కొనేవాడు మొదట చెప్పిన ధరకు ఔనని గానీ కాదని గానీ అనడు. అసలేమీ అనడు. ఫోన్ చేస్తే ఎత్తడు. సరుకు కోల్డ్ స్టోరేజీలో వేసి గమ్మున కూర్చుంటాడు. నాలుగో రోజుకు కొనేవాడే సేలం నుంచో చెన్నై నుంచో కారేసుకుని వస్తాడు. కాఫీ తాగుతాడు, వర్షాల గురించి మాట్లాడతాడు, లేచేముందు కిలోకు పది రూపాయలు పెంచుతాడు. అక్కడ మాట్లాడకపోవడమంటే బేరం ఇంకా నడుస్తోందని అర్థం. ఇది మార్కెట్‌లో హమాలీకి కూడా తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరుకు తెలియదన్న ఊహ మాత్రం ఆయనకు రాలేదు.

ఆ మేనేజరు అంతకు ముందువారం ఫోన్ చేసినప్పుడు కేశవమూర్తి, "చూద్దాం లెండి, ఇప్పుడేం తొందర," అన్నాడు. ఆ తర్వాత వచ్చిన మూడు ఫోన్లూ ఎత్తలేదు. గురువారం ఆయన భోజనానికి ఇంటికొచ్చినప్పుడు సుచిత్ర మెయిల్ చదివి తెలుగులో చెప్పింది. మండీ మెయిళ్ళు, బిల్లులు చూసేది ఆమే. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నాడు.

"చూస్తివా, పెంచినారు. ఇంగ నాలుగు దినాలు గమ్మునుంటే ఇంకా పెంచుతారు. నితిన్‌కు చెప్పొద్దమ్మా. వాడు వింటే ఇప్పుడే సరే అనేస్తాడు."

"శనివారం అని రాసినారు మామా."

"అట్లే రాస్తారు."

సుచిత్ర నితిన్‌కు చెప్పలేదు. పెద్దాయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని తనకు తాను చెప్పుకుంది. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ గురువారం ఆమెకు లోపల్లోపల సంతోషం కలిగింది. పెళ్ళయి రెండేళ్ళు. ఏ పెళ్ళికి పోయినా ఒంటరిగానే పోయింది. "ఏమే, మీ ఆయన టీవీలో తప్ప కనపడడా?" అని ధర్మవరంలో పుట్టింటివాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. నవ్వి, బాత్రూంలోకి పోయి ముఖం కడుక్కుంది. ఆ క్లబ్బు వాళ్ళు నిజంగానే వదిలేస్తే మాత్రం ఏమైందిలే అని ఒక్క పూట అనుకుంది. ఒక్క పూటే. కానీ ఆ పూట గడిచాక కూడా చెప్పలేదు.

నితిన్ ప్లేటు పక్కకు జరిపాడు.

"నాయనా."

"ఊఁ."

"వచ్చే గురువారం మార్కెట్‌కు నేనూ వస్తా. నాకు నేర్పించు. ఆట చాలు."

పేపరు కిందికి దిగింది. కేశవమూర్తి కొడుకు ముఖం కేసి చూసి, వెంటనే కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. మండీలో తన కుర్చీ మీద కొడుకు కూర్చోవాలని ఆయన పదేళ్ళు కోరుకున్నాడు. అడగకుండానే వచ్చి ఒళ్ళో పడ్డ ఆ మాటకు ఆయనకు సంతోషం కలగలేదు.

"ఇప్పుడేం తొందరప్పా," అన్నాడు నెమ్మదిగా.

"తొందరేముంది నాయనా, అయిపోయింది గదా. వాళ్ళు ఒక్క ఫోన్ చేసి ఉంటే వేరే సంగతి. అడిగి, జీతం తగ్గించుకో అన్నా ఒప్పుకునేవాణ్ణి. అడగను గూడా అడగలేదంటే నేను దేనికీ పనికిరాననే గదా."

సుచిత్ర మామగారి వైపు చూసింది. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంది. ఆయన కళ్ళజోడు రెండో అద్దం తుడుస్తున్నాడు.

అప్పుడే నితిన్ ఫోన్ మోగింది. పెనుకొండ నుంచి తిరుపాల్ సార్. స్కూల్లో డ్రిల్ మాస్టరుగా ఉండి నితిన్ కాళ్ళకు మొదటిసారి బూట్లు తొడిగిన మనిషి. రిటైరైనా రోజూ ఆ గ్రౌండ్‌లోనే ఉంటాడు.

"సార్ రమ్మంటాండాడు," అన్నాడు నితిన్ ఫోన్ పెట్టేసి. "కేరళ క్లబ్బొకటి నా గురించి అడిగిందంట. సుచీ, నువ్వూ రా. ఒక్కణ్ణే పోబుద్ధి కావడం లేదు."

రాజేశ్వరమ్మ దేవుడి గదిలోకి పరిగెత్తింది. ఆ క్షణం నుంచి కేరళ ఆమెకు పుట్టినూరంత ఇష్టమైపోయింది.

పెరట్లో దండెం మీద బట్టలు తీస్తుంటే సుచిత్ర వెనక అడుగుల చప్పుడైంది.

"నువ్వేం చెప్పలేదు గదమ్మా?" కేశవమూర్తి గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు మామా."

"నిన్నట్నుంచి ఆ మేనేజరుకు పదకొండుసార్లు చేసినా. ఎత్తలేదు." ఆయన చెయ్యి తుండుగుడ్డను నలుపుతోంది. "నేను ఎత్తనప్పుడు వాళ్ళకు గూడా ఇట్లే ఉండిందేమో."

సుచిత్రకు ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఈ ఇంట్లో ఆమెకు జ్వరమొస్తే రాత్రంతా వరండాలో కూర్చున్న మనిషి ఆయన.

"మీరే చెప్పండి మామా. పోయేలోపల ఒక్క మాట చెప్పండి."

"చెప్తా. టైం చూసి చెప్తా." దండెం మీది చొక్కా ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. "ఆ మెయిలు తీసేసేదానికి అవుతాదా?"

"అవుతాది."

"అయితే తీసెయ్యమ్మా. వాడు చూస్తే నా ముఖం చూడడు. మళ్ళా ఏదో ఒక క్లబ్బు వస్తాది, ఇది ఎవరికీ తెలియకుండా పోతాది."

ఆమె ఔననలేదు, కాదనలేదు. మామగారి విద్య ఆమెకూ కొంత పట్టుబడింది.

మధ్యాహ్నం బయల్దేరి పెనుకొండ గ్రౌండ్‌కు చేరేసరికి నాలుగైంది. కోట కొండ నీడ అప్పటికింకా గోల్‌పోస్టు దాకా రాలేదు. జూన్ గాలి దుమ్ము లేపుతోంది. తిరుపాల్ సిమెంటు మెట్ల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నితిన్‌ను చూడగానే పలకరింపు లేదు, కుశలప్రశ్న లేదు.

"ఏమబ్బా, కూర్చొని లెయ్యి. గొంతుక్కూర్చో."

నితిన్ గొంతుక్కూర్చుని లేచాడు.

"ఇంకో పది."

పది తీశాడు. తిరుపాల్ అతని మోకాలి మీద అరచెయ్యి ఆనించి, చెవి దగ్గర పెట్టి, గడియారం బాగు చేసేవాడిలాగా విన్నాడు.

"శబ్దం గూడా లేదు. మరి ఏంటికి వదిలేసినారు నిన్ను?"

"తెలీదు సార్."

"తెలీదంటే కుదరదబ్బా. కూర్చో, చెప్తా. అమ్మా సుచిత్రా, నువ్వు గూడా కూర్చో."

ఆయన చెప్పింది ఇదీ. నితిన్ కాంట్రాక్టు నిన్న, మే ముప్పై ఒకటో తేదీతో ముగిసింది. ఇప్పుడతను ఫ్రీ ఏజెంటు. ఎవరికీ కట్టుబడి లేడు, పాత క్లబ్బుకు పైసా ఇవ్వకుండా ఎవరైనా తీసుకోవచ్చు. కేరళ క్లబ్బులో రైట్ బ్యాక్ ఖాళీ ఒక్కటుంది, పేర్లు రెండున్నాయి. ఆ కోచ్ ఒకప్పుడు తిరుపాల్‌తో కలిసి ఆడినవాడు, నితిన్ ఆటంటే ఇష్టం. ఆరు గంటలకు వాళ్ళ మీటింగు.

"కానీ వాళ్ళ డాక్టరు అడ్డం పడతాండాడు. నాలుగేండ్లు ఆడించుకున్న క్లబ్బే ఊరికే వదిలేసిందంటే మోకాలు పోయినట్టే గదా అంటాండాడు. ఆయన తప్పేముంది, ఆడ నేనున్నా అదే అంటా. కావేరి వాళ్ళు అడిగి నువ్వే వద్దన్నావంటే అది వేరే. వాళ్ళు నిన్ను కావాలనుకున్నారని ఒక్క ముక్క కాగితం మీదుంటే చాలు, మిగిలింది నేను చూసుకుంటా. ఉండాదా?"

"లేదు సార్."

"ఫోన్లో అన్నా అడిగినారా?"

"అడగలేదు. రోజూ సాయంత్రం నాయనను అడుగుతాంటి, ఫోనొచ్చిందా అని. వస్తాదిలే అంటాండె." నితిన్ షూ లేసు విప్పి మళ్ళీ కట్టాడు. "సార్, వాళ్ళకు వద్దని చెప్పేయండి. ఇంకోసారి డాక్టర్ల ముందర కాలు చాపుకుని కూర్చోలేను. లేదని మళ్ళా అనిపించుకోలేను. మండీలో కూర్చుంటా. ఇంట్లో ఉంటా. సుచిత్ర గూడా ఎన్నాళ్ళని ఒక్కతే ఉంటాది?"

ఏ మాట వినాలని రెండేళ్ళు కాచుకుందో ఆ మాట విన్నది సుచిత్ర. ఇలా వినాలని మాత్రం అనుకోలేదు. ఇక ఈ మనిషి ఇంట్లోనే ఉంటాడు. రోజూ రాత్రి పక్కనే పడుకుంటాడు. తను దేనికీ పనికిరానని నమ్ముతూ పడుకుంటాడు. అది తప్పని చెప్పే ఉత్తరం తన ఫోనులోనే ఉంటుంది, లేదా తీసేసి ఉంటుంది. ఏదైనా ఒకటే.

తిరుపాల్ నిట్టూర్చి ఫోన్ తీశాడు. "సరే, నీ ఇష్టం. బలవంతంగా ఆడించేదానికి అవుతాదా?" అని నంబరు వెతకసాగాడు.

"సార్, ఆగండి," అంది సుచిత్ర.

ఇద్దరూ తిరిగి చూశారు.

"అడిగినారు." సుచిత్ర ఫోన్ తీసింది. "వాళ్ళు అడిగినారు."

మెయిల్ తెరిచి ఫోన్ నితిన్ చేతిలో పెట్టింది. అతను మొదట పైపైన చదివాడు. తర్వాత ఫోన్ ఎండకు అడ్డంగా తిప్పి, మెల్లగా, ప్రతి ముక్కా పెదాలు కదుపుతూ చదివాడు. డాక్టరు మాట దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. అతని ముఖం విప్పారింది. పెళ్ళిలో తప్ప ఆమె ఆ నవ్వును అంత దగ్గరగా చూడలేదు.

"సార్! అడిగినారు సార్! రెండేండ్లు! పూర్తిగా నయమైందని వాళ్ళ డాక్టరే..." తిరుపాల్ భుజం పట్టుకుని ఊపాడు. "చూడండి సార్, నేను బాగున్నానని రాసినారు!"

తిరుపాల్ ఫోన్ లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఓరి! ఇంత గట్టి కాగితం పెట్టుకుని లేదంటావేందబ్బా? అమ్మా, ఇది నా ఫోనుకు పంపు బిర్నా. అయిదు కూడా కాలేదు, మీటింగుకు కావలసినంత టైముండాది."

సుచిత్ర పంపింది. తిరుపాల్ ఫోన్ చెవికి ఆనించుకుని, వచ్చీరాని మలయాళంలో గట్టిగా అరుస్తూ మెట్లు దిగి గోల్‌పోస్టు వైపు నడిచాడు.

నితిన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మెయిలు ఎప్పుడొచ్చింది? ఇయ్యాలనా? పేర్లు ప్రకటించినాక మనసు మార్చుకున్నారా?" అంటూ ఆమె చేతిలోని ఫోన్ మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి పైన తేదీ చూశాడు. ఇరవై తొమ్మిది. గురువారం. ఆ తర్వాత కింద శనివారం, అయిదు గంటలు అన్నచోట వేలు పెట్టాడు. నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది.

"నాయనకు ముందే తెలుసు."

"మామ చెడ్డ చేయాలని చేయలేదు. ఇంకా పెంచుతారనుకున్నాడు. మార్కెట్‌లో మాదిరి..."

"నాయన సంగతి నాకు తెలుసులే. ఆయన ఏమనుకున్నాడో చెప్పకుండానే అర్థమవుతాది." అతను గొంతు పెంచలేదు. "కానీ నాయనకు ఇంగ్లీషు రాదు గదా సుచీ."

దూరంగా తిరుపాల్ ఎవరితోనో పకపకా నవ్వుతున్నాడు. ఈ ప్రశ్నకు అబద్ధం ఏదైనా ఉందేమోనని సుచిత్ర వెతికింది. ఉంటే చెప్పేసేదేమో కూడా.

"నేనే చదివి చెప్పినా," అంది. "గురువారమే."

"రెండు దినాలుండె."

"ఉండె."

"ఆ రెండు దినాలూ పొద్దున్నే నాతో పాటు లేచి, నేను పరిగెత్తేదానికి పోతాంటే నీళ్ళ బాటిలు ఇచ్చినావు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే అతను ఓదారుస్తాడని తెలుసు, ఆ ఓదార్పు తీసుకునే ముఖం తనకు లేదు. "నువ్వు ఇంట్లో ఉంటే బాగుండునని అనుకున్నా," అంది. "ఒక్క పూట అనుకున్నా. చెప్పకుండా ఉన్నింది మాత్రం రెండు దినాలూ."

నితిన్ తల ఊపాడు. అర్థమైందని ఊపాడో, విన్నానని ఊపాడో ఆమెకు తెలియలేదు.

తిరుపాల్ చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు. కాగితం చూసి డాక్టరు నోరు మూశాడని, ఏడులోపు ఫోనొస్తుందని, దాదాపు అయినట్టేనని చెప్పాడు. నితిన్ వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. "నాకెందుకబ్బా, నీ పెండ్లానికి పెట్టు. ఆయమ్మ లేకుంటే ఈ పొద్దు పని చెడిపోయుండె," అన్నాడాయన సంబరంగా. ఆ మాటకు ఇద్దరూ నేల చూపులు చూశారు.

బండి దగ్గర నితిన్ హెల్మెట్ తీసి ఆమెకు ఇచ్చాడు. అరిచి ఉంటే బాగుండేదనుకుంది సుచిత్ర. అరిస్తే తనూ ఏదో ఒకటి అనవచ్చు.

"యాడ దింపల్ల నిన్ను?" అన్నాడతను బండి స్టార్ట్ చేస్తూ. "హిందూపురంలోనా, ధర్మవరంలోనా?"

ఊరి పేర్లు అడిగినంత మామూలుగా అడిగాడు. ధర్మవరంలో ఆమె పుట్టింట్లో పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు, ఆమె వస్తుందని ఎవరూ ఎదురుచూడడం లేదు.

"హిందూపురం," అంది. "నువ్వు చూసినావని మామతో నేనే చెప్పల్ల."

"నాయనతో నేను చెప్పుకుంటా."

ఊరు దాటి హైవే ఎక్కేచోట లారీల కోసం బండి ఆగింది. ఒకవైపు సోమందేపల్లి మీదుగా హిందూపురం, రెండోవైపు ఆమె పుట్టింటి ధర్మవరం. అతని జేబులో ఫోన్ మోగింది. కేరళ నుంచో, ఇంటి నుంచో తీసి చూడలేదు. అది మోగి మోగి ఆగేదాకా రోడ్డు కేసి చూస్తూ ఉన్నాడు. లారీలు పోయాక బండిని ధర్మవరం వైపు తిప్పాడు.